మిద్దె మీది డిష్ తిప్పే ముందు

తిరుపతి బైరాగిపట్టెడ నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ప్రైవేటు స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నారు. భర్తది రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. ఇంట్లో అత్తమామలు, ఎనిమిదో తరగతి చదివే కొడుకు ఉన్నారు. మామగారు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు.

వాళ్ల మిద్దె మీద పెళ్లయిన కొత్తలో పెట్టించిన డిష్ ఉంది. పోయిన సంక్రాంతికి పాత టీవీ తీసేసి 43 అంగుళాల కొత్త టీవీ కొన్నారు. గొడవ అక్కడ మొదలైంది. "అంత డబ్బు పోసి కొంటే బొమ్మ పాత టీవీ కంటే మసగ్గా కనబడతా ఉంది" అని భర్తకు చిరాకు. కంపెనీకి ఫోన్ చేస్తే హెచ్‌డీ బాక్సు మార్చుకోమన్నారట, నెల చందా కూడా పెరుగుతుందన్నారట. ఇప్పటికే నెలకు నాలుగు వందల దాకా కడుతున్నారు. ఇంతలో తెలిసిన మెకానిక్ ఒకాయన వచ్చి, "డిష్ ఎట్టాగూ ఉండాది గదన్నా, కొంచెం తిప్పి బాక్సు మారిస్తే సాలు, జీవితాంతం హెచ్‌డీ ఫ్రీగా వస్తాది" అన్నాడు. క్రికెట్టు, వార్తలు వస్తే చాలని మామగారు సరేనన్నారు. ఈ నెలతో రీచార్జి ఆపేస్తానని భర్త తేల్చేశారు.

అత్తగారిని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె పొద్దున లేవగానే ఎస్వీబీసీలో స్వామివారి సేవలు చూస్తారు. సాయంత్రం రెండు సీరియళ్లు చూస్తారు. విషయం తెలిశాక కొడుకుతో మాట్లాడటం మానేసి, "నువ్వన్నా ఒక మాట చెప్పుంటే ఆపేవాడు గదమ్మే" అని కోడలి మీద పడ్డారు. ఇది చాలదన్నట్టు ఆ వీధిలోనే ఇంకో కుర్రాడు, ఏడాదికి ఇంత అని ముందే ఇస్తే అన్ని పే ఛానెళ్లూ హెచ్‌డీలో వచ్చే 'సర్వర్ బాక్సు' పెడతానంటున్నాడు. భర్త మనసు ఇప్పుడు అటు మళ్లింది.

"ఉన్న డిష్‌తో నిజంగా ఫ్రీగా హెచ్‌డీ వస్తుందా? పక్క స్థలంలో అపార్టుమెంటు లేస్తోంది, అది అడ్డమా? ఏది చేస్తే ఇంట్లో గొడవ లేకుండా ఉంటుంది?" అని ఆమె అడిగారు.

అమ్మా,

మీ ఇంట్లో మూడు వేరువేరు ఇబ్బందులు ఒకదానిలో ఒకటి చిక్కుపడ్డాయి. బొమ్మ మసక ఒకటి, నెల ఖర్చు ఒకటి, అత్తగారి బాధ ఒకటి. మూడింటికీ కలిపి మిద్దె మీద ఒకే మందు వెతుకుతున్నారు కనుకే ఏదీ తెగడం లేదు. విడదీసి చూద్దాం.

ముందు బొమ్మ సంగతి. దానికి డిష్‌తో సంబంధం లేదు. మీ బాక్సు పెళ్లయిన కొత్తలోది అన్నారు కాబట్టి అది మామూలు ఎస్‌డీ బాక్సే అయ్యుంటుంది. టీవీ వెనక చూడండి. బాక్సు నుంచి ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులున్న వైర్లు వస్తున్నాయా? ఆ వైర్ల మీద వచ్చే బొమ్మకు 576 గీతలే ఉంటాయి. చిన్న టీవీలో అది నిండుగానే కనిపించేది. 43 అంగుళాల తెర మీద అదే బొమ్మను సాగదీస్తే మొహాలు అలుక్కుపోతాయి, కింద వచ్చే అక్షరాల అంచులు చెదురుతాయి. హెచ్‌డీ బొమ్మకు 1080 గీతలు. అది రావాలంటే ఛానెల్ హెచ్‌డీలో ప్రసారం కావాలి, బాక్సు హెచ్‌డీది కావాలి, బాక్సుకూ టీవీకీ మధ్య హెచ్‌డీఎంఐ వైరు ఉండాలి. మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా హెచ్‌డీ లేనట్టే. మీవారు టీవీని తప్పుపడుతున్నారు, పాపం టీవీలో ఏ లోపమూ లేదు.

ఇక మెకానిక్ మాట. సగం నిజం చెప్పాడు, మిగతా సగం చెప్పలేదు. అతను చెబుతున్నది డీడీ ఫ్రీ డిష్ గురించి. 2004 డిసెంబరులో దూరదర్శన్ డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలుపెట్టిన సేవ ఇది. నెల చందా లేదు, రీచార్జి లేదు. డిష్, బాక్సు, వైరు కలిపి కొత్తగా పెట్టించుకున్నా రెండు వేల రూపాయల దరిదాపుల్లో అయిపోతుంది. డిష్ మీకు ఉంది కాబట్టి ఇంకా తగ్గుతుంది. 'ఫ్రీ డిష్ యాక్టివేషన్‌కు ఏటా ఇంత కట్టాలి' అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసమని తెలుసుకోండి. ఇంతవరకు అతను చెప్పింది నిజమే.

చెప్పనిదల్లా ఏమిటంటే, ఫ్రీ డిష్‌లో వచ్చే ఛానెళ్లలో ఎక్కువ భాగం హెచ్‌డీ కాదు. డీడీ నేషనల్, డీడీ న్యూస్ లాంటి దూరదర్శన్ సొంత ఛానెళ్లు కొన్ని హెచ్‌డీలో వస్తాయి. వాటి బొమ్మ నిజంగా బాగుంటుంది, అందులో అనుమానం లేదు. మిగతావి ఎస్‌డీలోనే వస్తాయి. హెచ్‌డీ బాక్సు కొన్నంత మాత్రాన అవి హెచ్‌డీ అయిపోవు. హెచ్‌డీఎంఐ వైరు వల్ల ఇప్పటికంటే కొంచెం తేటగా కనిపిస్తాయి, అంతే. ఇంకో సంగతి. ఫ్రీ డిష్ ఛానెళ్లు ఎంపెగ్-2, ఎంపెగ్-4 అని (బొమ్మను కుదించి పంపే పద్ధతుల పేర్లివి) రెండు రకాలుగా వస్తాయి. ఆ హెచ్‌డీ ఛానెళ్లు రెండో రకంలో ఉన్నాయి. అంగట్లో చవగ్గా దొరికే పాతరకం ఎంపెగ్-2 బాక్సులో అవి అసలు కనబడవు. రెండు మూడు వందలు తక్కువని అది కొంటే మీవారు కోరుకున్నది ఆ రోజే పోయినట్టు. కొంటే ఎంపెగ్-4 హెచ్‌డీ బాక్సు కొనండి, వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉందో లేదో కళ్లతో చూసి కొనండి. అంతకంటే ముందు మీ కొత్త టీవీ వెనక స్క్రూ తిప్పి బిగించే గుండ్రటి డిష్ పిన్ను ఉందేమో, సెట్టింగుల్లో ఛానెల్ స్కాన్ దగ్గర 'శాటిలైట్' అని కనిపిస్తుందేమో చూడండి. ఈమధ్య వస్తున్న కొన్ని టీవీల్లో లోపలే ఆ ఏర్పాటు ఉంటుంది. ఉంటే డిష్ వైరును నేరుగా టీవీకే పెట్టి స్కాన్ చేసి చూడవచ్చు, బాక్సు ఖర్చు కూడా మిగులుతుంది.

అత్తగారి సీరియళ్ల విషయం ఇక్కడే తేలిపోతుంది. ఫ్రీ డిష్‌లో డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి వస్తాయి. స్టార్ మా, జీ తెలుగు, జెమిని లాంటివి పే ఛానెళ్లు, అవి అందులో రావు. హిందీ ప్రాంతాల వాళ్లకు ఫ్రీ డిష్‌లో సినిమాలు, సీరియళ్లు, వార్తలు దండిగా దొరుకుతాయి. తెలుగు వాళ్లకు అంత వాటా లేదు. ఉత్తరాదిలో పల్లె పల్లెకూ అది పాకిపోయి, మన దగ్గర అంతగా పాకకపోవడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. ప్రైవేటు ఛానెళ్లకు అందులో చోటు వేలంలో దక్కుతుంది కాబట్టి జాబితా మారుతూ ఉంటుంది. అందుకని మెకానిక్ మాట మీదో నా మాట మీదో ఆధారపడకండి. మీ వీధిలో ఫ్రీ డిష్ ఉన్న ఇల్లు ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. ఒక ఆదివారం అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లి, రిమోట్ ఆమె చేతికే ఇచ్చి, ఏమేం వస్తున్నాయో చూసుకోనివ్వండి. ఎస్వీబీసీ ఉందో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. లేకపోయినా ఆ ఛానెల్ ప్రసారం యూట్యూబ్‌లో వస్తుంది. మీది స్మార్ట్ టీవీ అయితే పొద్దున పూట అది పెట్టి ఇవ్వడం మీ అబ్బాయికి అరనిమిషం పని.

మామగారికి మాత్రం ఫ్రీ డిష్ వల్ల లాభముంది. దేశానికి ముఖ్యమైనవని కేంద్రం గుర్తించిన మ్యాచ్‌ల ప్రసారాన్ని, హక్కులు కొన్న ప్రైవేటు ఛానెల్ దూరదర్శన్‌కు కూడా పంచాలని 2007లో చట్టం వచ్చింది. ఆ ఉచిత ప్రసారాన్ని దూరదర్శన్ తన సొంత యాంటెన్నా ప్రసారంలోనూ ఫ్రీ డిష్‌లోనూ మాత్రమే ఇవ్వాలని, కేబుల్‌కూ ప్రైవేటు డీటీహెచ్‌లకూ ఇవ్వకూడదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇండియా ఆడే వన్డేలు, టీ20లు ఆయన ఫ్రీ డిష్‌లో చూసుకోవచ్చు. ఐపీఎల్ కోసం మాత్రం ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పండి. తీరా ఏప్రిల్‌లో ఆయన నిరాశపడితే ఇంకో గొడవ.

ఇప్పుడు డిష్ తిప్పడం. ఇది మీరు అర్థం చేసుకుంటే మెకానిక్ పనిని మీరే కనిపెట్టుకోవచ్చు. డిష్ అనేది అద్దం లాంటిది. దానికి కంపెనీ ఏదో తెలియదు, ఎటు చూపిస్తే అటు నుంచి వచ్చేదాన్ని ముందున్న ఎల్‌ఎన్‌బీ మీదికి, అంటే కడ్డీ చివర సిగ్నల్ పట్టే చిన్న పరికరం మీదికి తోస్తుంది. ఫ్రీ డిష్ ఛానెళ్లు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరున్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే ఉన్నా, ఇది అక్కడి నుంచి ఎగరలేదు. 3,164 కిలోల బరువు, అప్పటి మన రాకెట్లు మోయలేనిది. అందుకని 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరు నుంచి ఏరియన్-5 మీద పంపారు.

మీ డిష్ ఇప్పుడు ఎటు చూస్తోంది అన్నది మీ కంపెనీని బట్టి ఉంటుంది. ఉత్తరంలో పేరు రాయలేదు కాబట్టి నాలుగు కంపెనీలవి చెబుతాను. సన్ డైరెక్ట్ వాడేవి 93.5, 91.5 డిగ్రీల దగ్గరి ఉపగ్రహాలు. కనుక మీది ఆ డిష్ అయితే అది ఉన్నచోటే సరిపోవచ్చు, లేదా వెంట్రుకవాసి కదిపితే చాలు. డిష్ టీవీది 95. డీ2హెచ్‌ది 88. టాటా ప్లేది 83, అంటే తిరుపతి నుంచి దక్షిణానికి కొంచెం తూర్పుగా. అక్కడి నుంచి ఫ్రీ డిష్‌కు రావాలంటే డిష్‌ను తూర్పు వైపు 30 డిగ్రీలకు పైగా తిప్పాలి, తల కొంచెం కిందికి దించాలి.

మన ఊళ్లో జీశాట్-15 దిక్కు ఇంచుమించు ఆగ్నేయం. ఊరి నడుమ నిలబడి తిరుమల కొండకు వీపు పెట్టి, సుమారుగా తిరుచానూరు వైపు తిరిగితే అదే దిక్కు. కొండ ఉత్తరాన ఉంది కాబట్టి ఎంత ఎత్తున్నా మనకు అడ్డం రాదు. చిత్తూరులోనూ దిక్కు అదే. ఆకాశంలో అది 67 డిగ్రీల ఎత్తున ఉంటుంది, అంటే నడినెత్తికి కొంచెమే కింద. డిష్ చూస్తే అంత పైకి చూస్తున్నట్టు కనబడదు, నిటారుగా నిలబడ్డట్టు ఉంటుంది. దాని తయారీ అలాంటిది, కంగారు పడకండి. పక్కన లేస్తున్న అపార్టుమెంటు గురించి అడిగారు. అది మీ మిద్దెకు ఆగ్నేయాన ఉంటేనే ఆలోచించాలి. ఉన్నా సరే, డిష్‌కు పది అడుగుల దూరంలోని గోడ డిష్ కంటే 23 అడుగులకు మించి పైకి లేస్తే తప్ప అడ్డం కాదు. ఇరవై అడుగుల దూరమైతే 47 అడుగులు లేవాలి. అపార్టుమెంటు ఎన్ని అంతస్తులో కనుక్కుని ఈ లెక్క వేసుకోండి. మీకు దగ్గరయ్యేట్టుంటే డిష్‌ను మిద్దె అవతలి మూలకు మారిస్తే సరి. గోడ కంటే చెట్టుతో జాగ్రత్త. కొబ్బరి మట్ట ఒకటి గాలికి అడ్డంగా ఊగినా బొమ్మ ఆగిఆగి వస్తుంది.

మెకానిక్‌లు తొందరలో వదిలేసేది ఎల్‌ఎన్‌బీ సంగతి. మొదట దాని మీద ముద్రించిన అంకెలు చూడమనండి. 9750/10600 అని ఉంటే అది యూనివర్సల్ రకం, పనికొస్తుంది. 10600 ఒక్కటే ఉంటే ఫ్రీ డిష్‌కు పనికిరాదు. ఎందుకంటే ఫ్రీ డిష్ వాడే 11090 లాంటి ఫ్రీక్వెన్సీలను బాక్సు పట్టుకోగల స్థాయికి మార్చడానికి 9750 కావాలి. కొత్త ఎల్‌ఎన్‌బీకి పెద్ద ఖర్చేమీ కాదు. రెండోది, డిష్‌ను తిప్పినప్పుడు ఎల్‌ఎన్‌బీని దాని క్లిప్పులో కూడా తిప్పాలి. తిరుపతి నుంచి 93.5కు ఆ వంపు దాదాపు 45 డిగ్రీలు. దాన్ని నిటారుగా వదిలేస్తే నిలువు తరంగాలూ అడ్డ తరంగాలూ సగం సగం కలిసిపోయి సిగ్నల్ నీరసంగా ఉంటుంది. ఎండ రోజు బొమ్మ వస్తుంది, అతను డబ్బు తీసుకుని వెళ్లిపోతాడు, మొదటి వానకు పోతుంది.

అందుకని అతను పనిచేస్తున్నప్పుడు మీరో మీ అబ్బాయో టీవీ దగ్గర నిలబడండి. బాక్సు మెనూలో రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి స్ట్రెంత్, రెండోది క్వాలిటీ. డిష్ ఎటు చూస్తున్నా స్ట్రెంత్ గీత ఎంతో కొంత ఉంటుంది, దాన్ని చూసి మోసపోకండి. క్వాలిటీ గీత ముఖ్యం. 11090, వర్టికల్, సింబల్ రేటు 29500 అని పెట్టించి, ఎల్‌ఎన్‌బీని కొంచెం కొంచెంగా తిప్పిస్తూ, ఆ గీత ఎక్కడ ఎక్కువగా నిలబడుతుందో అక్కడ బిగించమనండి. అక్టోబరు, నవంబరు, డిసెంబరు మనకు వానకాలం. గట్టి వాన పడితే ఏ డీటీహెచ్ అయినా కాసేపు పోతుంది, ఫ్రీ డిష్‌కూ మినహాయింపు లేదు. బిగించిన రోజు గీత ఎంత ఎక్కువగా ఉంటే వానలో అంత సేపు తట్టుకుంటుంది. ఇన్నేళ్ల పాత డిష్ కాబట్టి బోల్టులు, వైరు చివరి పిన్నులు తుప్పు పట్టి ఉంటాయి, అవి మార్పించండి. కోతులు లాగకుండా వైరును గోడకు క్లిప్పులు కొట్టించండి. మామగారిని మాత్రం మిద్దె ఎక్కనివ్వకండి. కరెంటు వైర్లు దగ్గరగా ఉంటే మీవారినీ వద్దనండి, అది మెకానిక్ పనే.

ఇక సర్వర్ బాక్సు. దీంట్లో నేను అటూ ఇటూ మాట్లాడను. పే ఛానెళ్లను డబ్బు కట్టకుండా దొంగదారిన చూపించే ఏర్పాటు అది, చట్టవిరుద్ధం. ఫ్రీ డిష్ ఫ్రీగా రావడం వేరు, ఇది ఫ్రీగా రావడం వేరు. మొదటిది ప్రజల కోసం ప్రభుత్వ సంస్థ ఇస్తున్నది. రెండోది తెంచుకొచ్చినది. పైగా ఆ బాక్సు పనిచేయాలంటే మీ వైఫై పాస్‌వర్డు అందులో పెట్టాలి. అందులో ఏముందో మీకు తెలియదు. ఏడాది డబ్బు ముందే తీసుకుంటాడు, మూడో నెలలో ఆ సర్వర్ మూతపడితే ఏ ఆఫీసుకు వెళ్లి అడుగుతారు? రసీదు ఉండదు, ఫిర్యాదు ఇచ్చే దారీ ఉండదు. స్కూల్లో పిల్లలకు చెప్పే మీరు, ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లాడు చూస్తుండగా ఇది చేయడం మీకే నచ్చదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. మీవారికి ఇది నిదానంగా చెప్పండి.

మరి మిగిలిన దారులేమిటి? మొదటిది, మెకానిక్ చెప్పినట్టే పూర్తిగా ఫ్రీ డిష్‌కు మారిపోవడం. నెల ఖర్చు సున్నా అవుతుంది. మామగారికి వార్తలు, క్రికెట్టు ఉంటాయి. కొన్ని ఛానెళ్లు హెచ్‌డీలో వస్తాయి. అత్తగారి సీరియళ్లు పోతాయి. ఆమె 'సరే, నాకు అక్కర్లేదు' అని తానుగా అంటే తప్ప ఇది చేయకండి. జీశాట్-15 ఆయుష్షు 12 ఏళ్లుగా లెక్కవేసి పంపారు. కాబట్టి 'జీవితాంతం' అన్న మాటను కూడా కొంచెం తగ్గించి వినండి. వచ్చే కొన్నేళ్లలో ఛానెళ్లు వేరే ఉపగ్రహానికి మారితే డిష్ మళ్లీ సరిచేయించుకోవాల్సి రావచ్చు. మధ్యమధ్య ఛానెళ్లు కనబడకుండా పోతే డిష్ పాడైందనుకోకుండా బాక్సులో ఆటో స్కాన్ చేయాలి. అది మీ అబ్బాయికి నేర్పండి.

రెండోది, డిష్ కదపకుండా ఉన్న కంపెనీలోనే ఖర్చు తగ్గించుకోవడం. మీ ఇంట్లో దీన్ని ఎవరూ తలచుకున్నట్టు లేదు, నాకైతే ముందు చూడాల్సింది ఇదేననిపిస్తోంది. 2019 నుంచి మనకు కావలసిన ఛానెళ్లను విడివిడిగా ఎంచుకునే హక్కు ఉంది. కంపెనీ వాళ్లు తగిలించిన ప్యాకేజీలో మీరు చూడని ఛానెళ్లు ఎన్నో ఉంటాయి, నాలుగు వందలు అయ్యేది వాటివల్లే. అత్తగారి సీరియళ్లు వచ్చే రెండు ఛానెళ్లు మాత్రం ఉంచితే ఎంతవుతుందో చూడండి. నెట్‌వర్క్ రుసుము అని ఒకటి కట్టాలి. 2024 దాకా 200 ఛానెళ్లకు దాని పరిమితి 130 రూపాయలు, ఇప్పుడు పరిమితి తీసేశారు కాబట్టి మీ కంపెనీలో ఎంతో అడగాలి. 130 అనే అనుకుందాం. రెండు ఛానెళ్లు ఒక్కోటి 19 చొప్పున 38. పన్ను 18 శాతంతో కలిపితే 198 రూపాయలు. అంటే సగానికి సగం తగ్గింది, ఎవరి సీరియలూ పోలేదు. బొమ్మ మసక మాత్రం అలాగే ఉంటుంది. అది పోవాలంటే కంపెనీ హెచ్‌డీ బాక్సు తీసుకుని, హెచ్‌డీఎంఐ వైరు పెట్టి, అత్తగారి ఛానెల్ ఒక్కటే హెచ్‌డీలో తీసుకోండి. అన్నీ అక్కర్లేదు.

మూడోది, రెండూ ఉంచుకోవడం. అత్తగారికి పైన చెప్పిన చిన్న రీచార్జి. దాని పక్కన ఫ్రీ డిష్ బాక్సు ఒకటి, దానికి వేరే చిన్న డిష్. ఒకే డిష్‌కు రెండో ఎల్‌ఎన్‌బీ తగిలించి చేద్దామని మెకానిక్ అనవచ్చు. రెండు ఉపగ్రహాలకూ అయిదారు డిగ్రీల తేడా ఉంటే అది బాగానే కుదురుతుంది. పది డిగ్రీలు దాటితే చిన్న డిష్‌లో రెండోది నీరసంగా వస్తుంది. వేరే డిష్ పెట్టడమే మంచిది. ఒకసారి పెట్టే ఖర్చు ఎక్కువ, రెండు రిమోట్లు అవుతాయి. మామగారికి ఆ రిమోట్ మీద రంగు టేపు ఒకటి చుట్టి, ఆయన చూసే ఛానెళ్ల నంబర్లు పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి టీవీ పక్కన పెట్టండి. దూరదర్శన్ 2024 నవంబరులో తెచ్చిన వేవ్స్ అనే యాప్ కూడా ఉంది, అందులో డీడీ ఛానెళ్లు నెట్ మీద చూడొచ్చు. మీ ఇంట్లో నెట్ నికరంగా ఉంటే రెండో బాక్సు లేకుండా దాంతోనే సరిపెట్టుకోవచ్చేమో చూడండి. పెద్దవాళ్లకు యాప్‌లు వెతుక్కోవడం కష్టం కాబట్టి దాన్నే నమ్ముకోమని నేను చెప్పను.

అత్తగారి దగ్గరికి వస్తాను. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఆమె మాటే. "నన్నొక మాట అడిగినారా" అన్నారని రాశారు. ఆమె కోపం సీరియల్ కోసమని మీ ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. పగలంతా ఎవరి పనుల మీద వాళ్లు బయట ఉంటారు. మీవారు ఏ షిఫ్టులో ఉన్నా ఇంట్లో ఉండే మనిషి ఆమె. ఆ టీవీని రోజులో ఎక్కువ సేపు చూసేదీ ఆమే. అలాంటి దాన్ని, ఎప్పుడో తప్ప దాని ముందు కూర్చోని కొడుకు, బయటి మెకానిక్ కలిసి తేల్చేస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. సాయంత్రం రెండు సీరియళ్లు అంటే ఆమెకు రోజులో తనకంటూ ఉన్న గంట. అది తీసేయడానికి నాలుగు వందలు సరైన కారణమే కావచ్చు, అయినా ఆమెతో చెప్పి, ఆమె చేత అనిపించాలి.

మీవారి వైపు నుంచీ చూడండి. షిఫ్టులు చేసి తెచ్చిన జీతంలోంచి, తను చూడని వాటికి నెలనెలా డబ్బు పోతోందని ఆయనకు అనిపించడం తప్పు కాదు. ఆయనకు కావలసింది ఖర్చు తగ్గడం. అమ్మ సీరియల్ పోవాలని ఆయనేమీ కోరుకోవడం లేదు. 198 లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఆయన మెత్తబడతారనే నా నమ్మకం.

ఒక్క విషయంలో మాత్రం మీరు గట్టిగా ఉండండి. ఈ రాయబారం మీరు మోయకండి. అత్తగారు మీతో, మీవారు మీతో, మామగారు మీతో చెబుతున్నారు, ఒకరితో ఒకరు చెప్పుకోవడం లేదు. చివరికి ఏది జరిగినా నింద మీ మీదికి వస్తుంది, ఇప్పటికే వచ్చింది. లెక్కలు మీరు వేసి ఇవ్వండి. "అమ్మా, నువ్వేం చూస్తావో చెప్పు, దాన్నిబట్టి పెడదాం" అన్న మాట మాత్రం కొడుకు నోటి నుంచే రావాలి. మీరు పక్కన కూడా ఉండనక్కర్లేదు. ఆయన ఆ మాట అనడానికి ఇబ్బంది పడితే, ఫ్రీ డిష్ ఉన్న ఇంటికి అమ్మను తీసుకెళ్లే పని ఆయనకే అప్పగించండి. స్కూటర్ మీద వెళ్లి వచ్చేసరికి మాటలు వాటంతట అవే మొదలవుతాయి.

రీచార్జి గడువు దగ్గరపడిందని రాశారు. ఈ ఒక్క నెలకు ప్యాకేజీ తగ్గించి రీచార్జి చేయించండి, తొందరలో ఏదీ పీకించకండి. పాత బాక్సు మీరు కొన్నదో, కంపెనీ అద్దెకిచ్చిందో పాత రసీదులో చూసుకోండి. అద్దెదైతే తిరిగి ఇవ్వాల్సి ఉంటుంది. చివరికి డిష్ తిప్పాలనే నిర్ణయించుకుంటే, మెకానిక్ బోల్టు వదులు చేయకముందే ఇప్పుడున్న చోట కడ్డీ మీద, క్లాంపు మీద కలిసేట్టు పెయింటుతో ఒక గీత గీయించండి, ఎల్‌ఎన్‌బీ వంపును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఫ్రీ డిష్ నచ్చకపోతే ఆ గీతకు కలిపి బిగిస్తే మీ పాత ఛానెళ్లు మళ్లీ వచ్చేస్తాయి, ఇంకోసారి వెతుక్కునే కూలీ మిగులుతుంది.